వరద నీళ్లలో మునిగిన జెన్, గేర్ బాక్స్ లో సౌండ్

పాత కారు గేర్ బాక్స్ లో ఏదో సౌండ్ వస్తోంది అని ఎవరితోనైనా అన్నారనుకోండి, కొంతమంది వెంటనే "దింపాల్సిందే" అంటారు, ఇంకొంతమంది "ఇంక అమ్మేయండి" అంటారు. ఈ రెండిటికీ ముందు చేసి చూడాల్సినవి చాలా ఉన్నాయి, అందులో ఎక్కువ వాటికి స్పానర్ కూడా అక్కర్లేదు, చెవులు, పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు, పక్కన కూర్చోడానికి ఓపికున్న మనిషి ఉంటే చాలు. మా జెన్ లో వచ్చిన సౌండ్ ఎక్కడిదో ఎలా పట్టుకున్నామో వివరంగా రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే అవుతుంది, పాత బండి ఇష్టంగా ఉంచుకున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది 2001 మోడల్ మారుతి జెన్, పెట్రోలు, 993 సీసీ, ఐదు గేర్లు, ఏపీ 16 నంబరు. నాన్న కొన్నారు. జెన్ మొదట వచ్చింది 1993లో, 2006లో ఆపేశారు, అయినా విజయవాడ ఆటో నగర్ లో ఇప్పటికీ దీని సామాన్లు దొరుకుతాయి. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నాం. చిన్న బండి, తేలిక బండి, స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు చేతికి తెలుస్తుంది, నాకు డ్రైవింగ్ వచ్చింది దీని మీదే. అమ్మే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ లేదు.

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు ఈ బండి సింగ్ నగర్ లో పిన్ని వాళ్లింటి ముందు ఉంది. ఆ రోజులు విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లు సీటు దాకా వచ్చి రోజుల తరబడి కదల్లేదు. నీళ్లు తీసాక అందరూ చేసినట్టే బండిని లాగించుకొచ్చి ఇంజిన్ ఆయిల్ మార్పించాం, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేకులు, సీట్లు పీకి ఎండబెట్టడం, వైరింగ్ కనెక్టర్లు ఒక్కోటీ విప్పి క్లీన్ చేయించడం అన్నీ అయ్యాయి. ఆ టైంలో ఊళ్లో ప్రతి షెడ్డూ నిండిపోయి ఉంది, మెకానిక్ లకి నిద్ర కూడా లేదు పాపం, బండి స్టార్ట్ అయితే చాలు అన్నట్టు ఉండేది అందరి పరిస్థితి. బండి స్టార్ట్ అయింది, బాగానే తిరిగింది, చలికాలం అంతా ఏ ఇబ్బందీ లేదు.

ఎండలు మొదలయ్యాక వచ్చింది సౌండ్. సిగ్నల్ దగ్గర ఆగి న్యూట్రల్ చేసి క్లచ్ మీద నుంచి కాలు తీస్తే బానెట్ కింద ఎడమవైపు నుంచి గరగరమని, ఎండిపోయినట్టు ఉండే సౌండ్. ఏసీ ఆపి అద్దం దించితే బాగా తెలుస్తుంది. ఇంచుమించు అదే టైంలో రోడ్డు మీద 50 దాటితే గుయ్యిమని ఒక ఊళ, స్పీడ్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, 70లో అయితే పక్క మనిషితో గట్టిగా మాట్లాడాలి. రెండూ కలిసి వచ్చేసరికి అందరం ఒకటే సౌండ్ అనుకున్నాం. ఇంటి దగ్గర షెడ్ లో చూపిస్తే ఒక రౌండ్ వేసొచ్చి బాక్స్ పోయిందండీ, సెకండ్ హ్యాండ్ బాక్స్ ఒకటి చూసి ఎక్కించేద్దాం అన్నారు. ఇంకోచోట చూపిస్తే క్లచ్ సెట్ మొత్తం మార్చేద్దాం అన్నారు. రెండు చోట్లా విప్పి చూసింది ఏమీ లేదు, కనీసం క్లచ్ తొక్కితే ఏమవుతోంది అని కూడా ఎవరూ చూడలేదు. అదే నాకు నచ్చలేదు. ఎందుకంటే ఈ సౌండ్ల విషయంలో మొదటి ప్రశ్న ఒక్కటే, ఏం తిరుగుతున్నప్పుడు వస్తోంది, ఏం ఆగితే ఆగుతోంది. ఇది తేలకుండా ఏది మార్చినా లాటరీయే.

ముందు లోపల ఏముంటుందో కాస్త చెప్పుకుంటే మిగతాది ఈజీ. జెన్ లాంటి ముందు చక్రాలు లాగే బండిలో గేర్ బాక్సూ డిఫరెన్షియలూ (రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్లు) ఒకే అల్యూమినియం డబ్బాలో ఉంటాయి, ఒకే ఆయిల్ లో తడుస్తాయి. లోపల ముఖ్యంగా రెండు షాఫ్టులు. ఇన్‌పుట్ షాఫ్ట్ ని ఇంజిన్ తిప్పుతుంది, మధ్యలో క్లచ్ ఉంటుంది. రెండోది కౌంటర్ షాఫ్ట్, అది డిఫరెన్షియల్ తో, అక్కడి నుంచి యాక్సిల్స్ తో, చక్రాలతో కలిసి ఉంటుంది, అంటే చక్రాలు ఆగితే అదీ ఆగుతుంది. బండి ఆగి ఉండి, న్యూట్రల్ లో, క్లచ్ మీద కాలు లేకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, దాంతో పళ్లు కలిసున్న గేర్లు కూడా ఊరికే తిరుగుతుంటాయి. క్లచ్ తొక్కితే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోతుంది, దాని బదులు క్లచ్ ని వదిలించే రిలీజ్ బేరింగ్ మీద లోడ్ పడుతుంది. కాబట్టి క్లచ్ తొక్కితే ఆగే సౌండ్ ఇన్‌పుట్ షాఫ్ట్ వైపుది, క్లచ్ తొక్కితే మొదలయ్యే సౌండ్ రిలీజ్ బేరింగ్ ది. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) మధ్యలో చిన్న పైలట్ బేరింగ్ ఉన్న బండ్లలో అదైనా కావొచ్చు, ఎందుకంటే క్లచ్ తొక్కి గేర్ లో ఉన్నప్పుడు షాఫ్ట్ ఆగి ఫ్లైవీల్ తిరుగుతుంటుంది కదా, ఆ తేడా అంతా ఆ బేరింగే మోస్తుంది.

అంబాసిడర్ లాంటి వెనక చక్రాలు లాగే పాత బండ్లలో ఇంకో గుర్తు ఉంటుంది. వాటిలో టాప్ గేర్ డైరెక్ట్, అంటే పవర్ నేరుగా పోతుంది, కింద ఉండే లే షాఫ్ట్ మీద లోడ్ పడదు. మిగతా గేర్లలో మోగి టాప్ లో సౌండ్ తగ్గిపోతే ఆ లే షాఫ్ట్ బేరింగుల మీదే అనుమానం. మా తాతయ్య తరం డ్రైవర్లకి ఇది నోటికి వచ్చిన విషయం. జెన్ లో డైరెక్ట్ గేర్ అనేది లేదు, ప్రతి గేరూ రెండు షాఫ్టుల మధ్యే, కాబట్టి ఆ గుర్తు ఇక్కడ పనిచేయదు.

మా బండి ఇంటి ముందు పెట్టి, తమ్ముడిని సీట్లో కూర్చోబెట్టి, నేను బానెట్ ఎత్తి విన్నాను. (చున్నీ తీసేసి, జుట్టు ముడేసుకుని వినండి, రేడియేటర్ ఫ్యాన్ కరెంట్ ది, చెప్పకుండా ఆన్ అవుతుంది.) న్యూట్రల్ లో క్లచ్ తొక్కమన్నాను, గరగర పోయింది. కానీ టక్కున పోలేదు, ఒక సెకను సాగి, స్వరం దిగుతూ ఆగింది. అంటే క్లచ్ వదిలించిన తర్వాత కూడా ఏదో తన ఊపుకి తిరిగి నెమ్మదిగా ఆగుతోంది, అది ఇన్‌పుట్ షాఫ్టే. కాలు తీయగానే మళ్లీ మొదలు. రిలీజ్ బేరింగ్ అయితే దీనికి సరిగ్గా ఉల్టాగా ఉండాలి, కాబట్టి క్లచ్ సెట్ మార్చాలన్న మాట అక్కడితో పోయింది.

ఇక్కడే చాలామంది ఆగిపోయి బేరింగ్ పోయింది అని తేల్చేస్తారు, కానీ ఇంకో అడుగు ఉంది. బేరింగులు బాగానే ఉండి కూడా న్యూట్రల్ లో టకటక, గలగల వచ్చే బండ్లు చాలా ఉన్నాయి, ఐడిల్ లో (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు) ఇంజిన్ ఒకే వేగంతో తిరగదు, ఒక్కో సిలిండర్ పేలినప్పుడల్లా కొంచెం ఎగిరి కొంచెం తగ్గుతుంది, ఆ కుదుపులకి లోడ్ లేని గేర్ల పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. డీజిల్ బండ్లలో, మూడు సిలిండర్ల బండ్లలో ఇంకా ఎక్కువ. అదీ క్లచ్ తొక్కితే పోతుంది, ఇదీ క్లచ్ తొక్కితే పోతుంది. తేడా ఎలా తెలుస్తుందంటే యాక్సిలరేటర్ కొంచెం నొక్కి 1500 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లాలి. పళ్ల గలగల అయితే మాయమైపోతుంది, ఎందుకంటే ఇంజిన్ స్మూత్ అయిపోతుంది. బేరింగ్ అయితే పోదు, పైగా ఆర్‌పీఎంతో పాటు స్వరం పైకి పోతుంది. మాది పైకి పోయింది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన గేర్ బాక్స్ మీద ఆనించి పిడి చెవి దగ్గర ఎముకకి ఆనిస్తే ఎడమ చక్రం వైపు ఉండే చివరి కవర్ దగ్గర బాగా గట్టిగా, క్లచ్ వైపు తక్కువగా ఉంది. అల్యూమినియం డబ్బా సౌండ్ ని అంతటా పాకిస్తుంది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు, కానీ మిగతావాటితో కలిసి ఒకటే మాట చెప్తుంటే నమ్మొచ్చు.

అంతవరకు బాగుంది, కానీ ఆ గుయ్యిమనే ఊళ లెక్క కుదర్లేదు. ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అయితే ఇంజిన్ ఆర్‌పీఎంని బట్టి మారాలి కదా, రోడ్డు స్పీడ్ ని బట్టి ఎందుకు మారుతోంది? పొద్దున ఐదింటికి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కాం. అక్కడ ఎందుకంటే పక్కన కాంక్రీటు గోడ ఉంటుంది, అద్దం దించి గోడ పక్కగా పోతే చక్రాల దగ్గర సౌండ్ గోడకి తగిలి తిరిగి చెవిలో పడుతుంది, ఖాళీ మైదానంలో పోతే వినపడనివి కూడా ఇక్కడ వినపడతాయి. తమ్ముడు నడిపాడు, నేను విన్నాను. ఒకే స్పీడ్, 55, ముందు ఐదో గేర్ లో, తర్వాత అదే స్పీడ్ లో నాలుగులో, తర్వాత మూడులో. ఇంజిన్ సౌండ్ మారింది, ఊళ మారలేదు. తర్వాత న్యూట్రల్ చేసి వదిలేయమన్నాను, ఇంజిన్ ఆన్ లోనే ఉంచి. (ఇంజిన్ ఆపి మాత్రం ఈ టెస్ట్ ఎప్పుడూ చేయొద్దు, బ్రేక్ బూస్టర్ పనిచేయదు, తాళం ఇంకొంచెం తిప్పితే స్టీరింగ్ లాక్ పడుతుంది.) న్యూట్రల్ లో ఇంజిన్ ఐడిల్ కి పడిపోయింది, ఊళ మాత్రం అలాగే ఉంది, బండి స్పీడ్ తగ్గేకొద్దీ నెమ్మదిగా దిగింది.

అంటే ఇది చక్రాలతో తిరిగేది. ఆ లిస్టులో కౌంటర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ బేరింగులు, హబ్ బేరింగులు (చక్రం మధ్యలో ఉండేవి), టైర్లు ఉంటాయి. "అక్కా, ఇది టైరు సౌండే" అన్నాడు తమ్ముడు, వాడి అనుమానంలో అర్థం ఉంది, పాతబడిన టైర్లు ఎగుడుదిగుడుగా అరిగితే అచ్చం బేరింగ్ లాగే ఊళ పెడతాయి. కానీ టైరు సౌండ్ రోడ్డుని బట్టి మారుతుంది, నున్నటి తారు మీద ఒకలా, సిమెంట్ రోడ్డు మీద ఒకలా. మేం రెండు రకాల మీదా పోయి చూశాం, అడుగున రోడ్డు సౌండ్ మారింది కానీ దాని పైన ఆ ఊళ అలాగే ఉంది.

తర్వాత ఖాళీ రోడ్డు చూసుకుని 50లో స్టీరింగ్ ని మెల్లగా కుడికి, మెల్లగా ఎడమకి ఊపమన్నాను. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీదకి పోతుంది, కుడికి తిరిగితే ఎడమ చక్రాల మీదకి. ఎడమకి తిరిగినప్పుడు ఊళ గట్టిగా అయింది, కుడికి తిరిగినప్పుడు దాదాపు పోయింది. డిఫరెన్షియల్ కి బండి ఏ పక్కకి వాలిందో పెద్దగా పట్టదు, హబ్ బేరింగ్ కి పడుతుంది. సో కుడి చక్రం. ఇంటికొచ్చి కుడి ముందు చక్రం జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టి (ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకుని చేతులు లోపల పెట్టకండి, ప్లీజ్), న్యూట్రల్ లో ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద వేశాను. ఈ ట్రిక్ నాకు చాలా ఇష్టం. చెవికి ఏమీ వినపడకపోయినా స్ప్రింగ్ లో నుంచి సన్నటి రజను రాపిడి వేళ్లకి తెలిసిపోయింది. ఎడమ వైపు ఎత్తి అదే చేస్తే స్ప్రింగ్ లో ఏమీ లేదు, నున్నగా ఉంది.

ఊళ కాకుండా టక్ టక్ అని లెక్కపెట్టగలిగే సౌండ్ వస్తే ఇంకో పద్ధతి ఉంది, లెక్కలు ఇష్టమైనవాళ్లకి. జెన్ టైరు 145/70 ఆర్13, దాని చుట్టుకొలత సుమారు 1.67 మీటర్లు. గంటకి 60లో చక్రం సెకనుకి పది సార్లు తిరుగుతుంది, 20లో అయితే మూడు పైచిలుకు. 20లో సెకనుకి మూడు టక్కులు వస్తే చక్రం ఒక్క చుట్టుకి ఒకటి, అంటే టైరో, రిమ్మో, బ్రేకో, హబ్బో చూడాలి. అంతకి నాలుగు రెట్ల వేగంతో వస్తే కౌంటర్ షాఫ్ట్ మీద పన్ను ఏదైనా విరిగిందేమో అని అనుమానించాలి, ఎందుకంటే ఇలాంటి చిన్న బండ్లలో ఆ షాఫ్ట్ చక్రం కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. మలుపులో, ఫుల్ స్టీరింగ్ తిప్పి కదిలినప్పుడు మాత్రమే టకటకమంటే అది యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్, గేర్ బాక్స్ జోలికే పోనక్కర్లేదు. ఫోన్ లో రికార్డ్ చేసుకుని ఇంటికొచ్చి నెమ్మదిగా వింటూ లెక్కపెట్టొచ్చు.

అలా ఒక సౌండ్ అనుకున్నది రెండు సౌండ్లు అని తేలింది, ఒకటి బాక్స్ లోపలది, ఇంకోటి బయటి హబ్ ది. రెండూ ఒకే టైంలో ఎందుకు వచ్చాయి అనేది అప్పటికి ఇంకా అర్థం కాలేదు, ఆయిల్ తీసినప్పుడు అర్థమైంది.

రాత్రంతా బండిని కదపకుండా ఉంచి పొద్దున్నే గేర్ ఆయిల్ తీశాం. ముందు పైన ఉండే ఫిల్లింగ్ ప్లగ్ విప్పాలి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్. పైది పట్టేసి రాకపోతే, కింది నుంచి ఆయిల్ అంతా పోయాక తిరిగి పోసే దారి ఉండదు. పైది విప్పి వేలు పెట్టి చూస్తే ఆయిల్ అంచు దాకా ఉండాలి, మాది లెవెల్ కి కొంచెం కిందే తగిలింది. కింది ప్లగ్ ని పూర్తిగా తీయకుండా కొంచెం కొంచెం వదులు చేస్తూ పోయాను. మొదట బొట్లుబొట్లుగా వచ్చింది ఆయిల్ కాదు, నీళ్లు. తుప్పు రంగు నీళ్లు. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి రాత్రంతా ఉంచితే అడుక్కి చేరతాయి. వాటి వెనక ఆయిల్ వచ్చింది, పాలు కలిపిన టీ రంగులో, వేళ్ల మధ్య రాస్తే జారట్లేదు. ప్లగ్ కి ఉండే అయస్కాంతం మీద బూడిద రంగు పేస్ట్ ఉంది, అది ఏ పాత బాక్స్ లో అయినా ఉంటుంది, భయపడక్కర్లేదు. కానీ ఆ పేస్ట్ లో మెరిసే సన్నటి రేకులు కూడా ఉన్నాయి, వేలితో నలిపితే గుచ్చుకున్నాయి. అవి బేరింగ్ లోపలి ఉక్కు పెచ్చులు. ఇత్తడి రంగు రజను ఎక్కువగా కనిపిస్తే సింక్రో రింగులు (గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) అరుగుతున్నట్టు, మాకు అది పెద్దగా కనపడలేదు.

వరదలో గేర్ బాక్స్ లోకి నీళ్లు ఎలా వెళ్తాయి అని నాన్న అడిగారు. బాక్స్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి. వేడి మీద ఉన్న బాక్స్ నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి బ్రీదర్ లో నుంచి నీళ్లని పీల్చుకుంటుంది. మా బండి అయితే రోజుల తరబడి నీళ్లలోనే ఉంది, పాత సీళ్ల లోంచి కూడా వెళ్లే ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ అందరికీ గుర్తుంటుంది, గేర్ ఆయిల్ ఎవరికీ గుర్తుండదు, డిప్ స్టిక్ కూడా ఉండదు చూడ్డానికి. హబ్ బేరింగ్ లో గ్రీజు కూడా అదే నీళ్లలో నానింది. రెండూ అదే నీళ్లతో దెబ్బతిన్నాయి, అందుకే కాస్త అటూఇటూగా ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి.

ఇంత తెలిసాక ఆటో నగర్ లో గేర్ బాక్సులే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. నేను ఇవన్నీ చెప్తుంటే ఆపకుండా విన్నారు, విని "సరేనమ్మా, మీరు చెప్పింది చెప్పారు, నేను కూడా ఒకసారి వింటాను" అని బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. "తొక్కమ్మా... వదులు... మళ్లీ తొక్కు." అంతే, "ఇన్‌పుట్ షాఫ్ట్ వెనక బేరింగ్. గేర్లు బాగానే ఉండి ఉంటాయి, విప్పి చూసి చెప్తా, ముందే బాక్స్ కొనకండి" అన్నారు. ఆ చివరి మాట కోసమే నేను ఆయన్ని గుర్తుపెట్టుకున్నా.

బాక్స్ దించి విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పుల్లర్ వేసి బేరింగ్ లాగి, పెట్రోల్ తో కడిగి నా చేతిలో పెట్టారు. బయటి రింగ్ పట్టుకుని లోపలి రింగ్ ని వేలితో తిప్పితే ఒకచోట తట్టుకుంటోంది, దాటాక మళ్లీ తట్టుకుంటోంది. లైటు కింద పెట్టి చూస్తే బాల్స్ పరిగెత్తే దారిలో నల్లటి మచ్చలు, కొన్నిచోట్ల పైపొర లేచిపోయి గుంటలు పడ్డాయి. బాల్స్ కదలకుండా ఉన్నచోట నీళ్లు నిలిస్తే అక్కడ తుప్పు చుక్క పడుతుంది, బండి తిరగడం మొదలుపెట్టాక ఆ చుక్క దగ్గరే ఉక్కు అలసిపోయి పెచ్చులు ఊడుతుంది. అందుకే వరద అయిన వెంటనే కాకుండా నెలల తర్వాత వచ్చింది సౌండ్. గేర్ల పళ్లు మాత్రం నున్నగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి. ఆయన చెప్పినట్టే. సెకండ్ హ్యాండ్ బాక్స్ కొని ఉంటే ఈ మంచి గేర్లన్నీ తుక్కులోకి పోయేవి, వచ్చేది ఏ వరదలో మునిగిన బండిదో కూడా తెలిసేది కాదు.

బేరింగ్ కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకునే వెళ్లండి, దాని రింగ్ మీద నంబర్ చెక్కి ఉంటుంది. ఈ నంబర్లు చదవడం కష్టం కాదు. ఉదాహరణకి 6205 అని ఉంటే చివరి 05ని ఐదుతో గుణించండి, 25, అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 6305 అన్నా రంధ్రం అంతే కానీ బయటి సైజు 52 బదులు 62 మిల్లీమీటర్లు, మందం కూడా ఎక్కువ. నంబర్ తర్వాత సీ3 అని ఉంటే లోపల వదులు మామూలు కంటే కొంచెం ఎక్కువ ఉంచి చేసిందని, వేడెక్కే చోట వాడతారు, పాతదాని మీద అది ఉంటే కొత్తదాని మీద కూడా ఉండేలా చూసుకోవాలి. బయటి రింగ్ కి లాక్ పట్టే గాడి ఉందా లేదా అనేది కూడా చూడాలి. డూప్లికేట్లు చాలా ఉంటాయి, చెక్కిన అక్షరాలు అలుక్కుపోయినట్టున్నా, బాక్స్ మీద అచ్చు తేడాగా ఉన్నా వద్దని వచ్చేయండి. బేరింగ్ ఖరీదు కంటే బాక్స్ దింపి ఎక్కించే లేబరే చాలా ఎక్కువ, అక్కడ మిగుల్చుకోవడంలో అర్థం లేదు.

అదే లాజిక్ తో, దింపినప్పుడు చేతికి అందేవన్నీ మార్పించాం, ఇన్‌పుట్ షాఫ్ట్ రెండో బేరింగ్, సీల్, రెండు యాక్సిల్ సీళ్లు, రిలీజ్ బేరింగ్, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్. క్లచ్ ప్లేట్ మందం ఉంది, దాన్ని ఉంచేశాం. బ్రీదర్ తీసి చూస్తే బుడమేరు బురద గట్టిపడి పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఇది చాలా ముఖ్యం అండీ, బ్రీదర్ మూసుకుపోతే వేడికి లోపల ప్రెజర్ పెరిగి ఆయిల్ ని సీళ్ల లోంచి బయటికి తోస్తుంది, కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది, మనం సీల్ ని తిట్టుకుంటాం. మా బాక్స్ లో ఆయిల్ లెవెల్ తగ్గడానికి కారణం అదే, యాక్సిల్ దగ్గర తడి ఉంది. కొత్త సీల్ ని పాతది రాసుకున్న గీత మీద కాకుండా ఒక వెంట్రుకవాసి లోపలికి కూర్చోబెట్టారు మేస్త్రి గారు, యాక్సిల్ మీద అరగని చోట పట్టాలని.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. షెడ్ లో కుర్రాడు డబ్బా లోంచి చిక్కటి ఆయిల్ పోయబోయాడు, పెద్ద బండ్లకి వాడేది. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన బాక్స్ కూడా కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది, పాత కార్లు అమ్మేవాళ్లు కొందరు చేసే పని ఇదే, కానీ పొద్దున్నే చలిలో గేర్లు పడవు. మేం 75డబ్ల్యూ-90 (చిక్కదనం గ్రేడ్), జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) తీసుకెళ్లాం. జీఎల్-5 ఇంకా పెద్ద నంబర్ కదా, ఇంకా మంచిది అనుకుంటారు చాలామంది. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ, అవి వెనక డిఫరెన్షియల్ గేర్లకి కావాలి, కానీ కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి, పైగా సింక్రో పట్టు దొరకాలంటే కాస్త రాపిడి ఉండాలి. బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. పైన ప్లగ్ లోంచి పొంగి కారేదాకా పోసి బిగించారు. లోపల ఇంకా తేమ మిగిలి ఉంటుందని, కొన్నాళ్లు తిప్పి ఆ ఆయిల్ కూడా తీసేసి మళ్లీ కొత్తది పోయమన్నారు, పోశాం, రెండోసారి తీసింది శుభ్రంగా వచ్చింది.

కుడి హబ్ బేరింగ్ అదే రోజు ప్రెస్ మీద వేయించి మార్చాం, పాతదాంట్లో గ్రీజు ఎర్రగా తుప్పు ముద్ద అయిపోయి ఉంది. ఎడమది ఇంకా మోగట్లేదు కానీ అదీ అదే నీళ్లలో ఉన్నదే కదా అని దాన్నీ మార్పించాను.

2024 వరదలోనే కాదు, ఎప్పుడైనా సరే చక్రం మధ్య దాకా నీళ్లలో నిలబడ్డ బండి మీ ఇంట్లో ఉంటే, సౌండ్ రాకపోయినా ఒకసారి గేర్ ఆయిల్ తీయించి చూడండి. వెనక చక్రాలు లాగే బండి అయితే వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా, దానికీ బ్రీదర్ ఉంటుంది. సింగ్ నగర్, పాయకాపురం వైపు ఉన్నవాళ్లకి మరీ మరీ చెప్తున్నా.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర న్యూట్రల్ లో అద్దం దించి కూర్చుంటే ఇంజిన్ తప్ప ఏమీ వినపడట్లేదు. నాన్న మాత్రం గేటులోంచి రివర్స్ తీస్తూ "ఇంకా వస్తోంది కదమ్మా గుయ్యిమని" అన్నారు. అది రివర్స్ గేర్ సౌండ్. మిగతా గేర్లకి పళ్లు ఏటవాలుగా కోసి ఉంటాయి, ఒక పన్ను వదిలేలోపే ఇంకో పన్ను పట్టుకుంటుంది కాబట్టి సౌండ్ రాదు. ఇలాంటి బండ్లలో రివర్స్ కి పళ్లు నిటారుగా ఉంటాయి, మధ్యలో ఒక చిన్న గేరు జరిగి వచ్చి కలవాలి కాబట్టి, అందుకని ఒక్కో పన్ను తగిలినప్పుడల్లా మోగుతుంది, షోరూం నుంచి వచ్చిన రోజు కూడా మోగే ఉంటుంది. చెప్తే నమ్మలేదు. తర్వాత పక్కింటి వాళ్ల కొత్త బండి రివర్స్ తీస్తుంటే గేటు దగ్గర నిలబడి విన్నారంట, "దాంట్లో కూడా వస్తోందే" అని ఆయనే వచ్చి చెప్పారు, ఇంక దాని గురించి అడగట్లేదు.